క్రిన్నర్ గారింటి చెక్క మొహం

కార్ల్స్‌రూహె,
మార్చి రెండో ఆదివారం, 2022.

శ్రీవారికి నమస్కరించి బాలామణి రాసేది. ఇక్కడ ప్రవీణ, అల్లుడుగారు, తార, నేను నలుగురం కులాసా. అక్కడ మీరు వేళకి తింటూ, చెవి మిషను పెట్టుకుంటూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. అనుకోవడమే గాని నమ్మకం లేదు.

మీ ఉత్తరాన్ని పక్కింటి వాసుదేవరావు గారు ఫోటో తీసి ఫోనులో పంపారు. రెండో పేజీ మీద ఆయన బొటనవేలు కూడా పడింది. పాపం సాయమే చేస్తున్నారు, కాదనను. కానీ మన కబుర్లన్నీ ముందు ఆయన చదివి, ఆ తరవాత మనకి అందిస్తున్నారు. అందుకే దీన్ని ఫోటో తీయించకుండా పోస్టులో వేస్తున్నాను. ఎప్పటికి చేరితే అప్పటికే చేరుతుంది. ఫోనులో చెబుదామంటే మీకు వినపడేలా అరవాలి. ఇది అరిచి చెప్పే సంగతి కాదు.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు. చలి తగ్గింది, కానీ ఇంకా మేజోళ్ళు తీయలేదు. మోకాళ్ళు ఇంట్లో బాగానే ఉంటాయి, ట్రాము ఎక్కేటప్పుడే గుర్తొస్తాయి. మీ కోవాగ్జిన్ సంగతి అల్లుడుగారు మళ్ళీ కనుక్కున్నారు. ఇక్కడివాళ్ళు దాన్ని ఇంకా లెక్కలోకి తీసుకోలేదట. ఆ రోజు క్లబ్బులో మీ స్నేహితులంతా వెళ్తున్నారని మీరు కోవాగ్జిన్ లైన్లో నిలబడ్డారు, నేను అలివేలుమంగ వదినతో పోయి కోవిషీల్డ్ వేయించుకున్నాను. ఆ తేడాకి మీరు సామర్లకోటలో, నేను ఇక్కడ. ఇంకెప్పుడైనా నా మాట వింటారా?

తారకి తెలుగు వస్తోందా అని అడిగారు. వస్తోంది. నేను తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెప్పేది, ఇప్పుడు సగం సగం చెబుతోంది. దాని క్లాసులో ఎవరికో ఒకరికి పాజిటివ్ వచ్చినప్పుడల్లా బడి నుంచి ఇంటికి పంపించేస్తున్నారు. ప్రవీణ, అల్లుడుగారు చెరో గదిలో మీటింగుల్లో ఉంటారు. ఇంక అది, నేను. నవంబరు నుంచీ ఈ ఇంట్లో నాతో ఎక్కువ మాట్లాడే మనిషి ఆ ఏడేళ్ళ పిల్లే.

ఇక మీ ఆఖరి ప్రశ్న. తార ఎవరింట్లోనో పాతకాలపు చెక్క మాస్కు పాడుచేసిందని ప్రవీణ మీకు మెసేజి పెట్టిందట. “నేను పంపిన రంగుల పెట్టె వల్లే కదా ఇదంతా. ఇక పిల్లకి రంగులు పంపను” అని రాశారు. అది చదివిన పూట నాకు అన్నం సయించలేదు. ఏం జరిగిందో మొదటినుంచీ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఫాషింగ్‌కి ఇక్కడ బళ్ళకి వారం సెలవులిచ్చారు. ఫాషింగ్ అంటే వీళ్ళ ఉపవాసాల రోజులు మొదలయ్యే ముందు జరుపుకొనే సంబరం. రెండేళ్ళుగా ఎక్కడికీ కదల్లేదని అల్లుడుగారు ఆల్ప్స్ కొండల్లో, మిట్టెన్‌వాల్డ్ దగ్గర ఒక పల్లెలో, ఒక ఇంటి మేడమీది వాటా వారానికి తీసుకున్నారు. కింద ఇంటావిడ, ఫ్రావ్ క్రిన్నర్, అంటే శ్రీమతి క్రిన్నర్, ఒక్కత్తే ఉంటుంది. నా ఈడుదే. మనిషి పొడుగు, మాట పొట్టి. ఆవిడ మాట్లాడే జర్మన్ ప్రవీణకే సరిగ్గా అర్థం కాదు, ఇక నాకేం అర్థమవుతుంది. అయినా మొదటి రోజే నన్ను కింద ముందుగదిలో పొయ్యి పక్కన కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద దుప్పటి కప్పింది.

మీరు ముందే రాశారు కదా, ఆ చెక్క మొహాలు ఎలా ఉంటాయో, కళ్ళు ఎలా దిద్దుతారో, ఏ రంగులు వేస్తారో అన్నీ చూసి రమ్మని. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి డ్రాయింగు చెప్పిన మాస్టారు కదా, అడగకుండా ఉంటారా! చూశాను. ఆ ముందుగది మూల గోడమీద ఏసుప్రభువు సిలువ, దాని కింద ఒక మొహం వేలాడుతూ ఉంది. కుర్రాడి మొహం. నున్నటి నుదురు, సన్నటి మీసం, చిన్న నోరు, బుగ్గల మీద లేత గులాబీ రంగు. ఏ చెట్టు చెక్కో గాని బొత్తిగా బరువు లేదు. అది క్రిన్నర్ గారి తాత చెక్కిందట. ఆయన కొడుకు, తరవాత ఈవిడ భర్త, వరసగా దాన్ని పెట్టుకుని ఊళ్ళో తిరిగారట.

ఆ తిరగడానికి వాళ్ళకో పద్ధతి ఉంది. మొహం పెట్టుకున్నవాణ్ణి మష్కెరా అంటారు. వాడెవడో ఎవరూ అడగకూడదు. గొంతు పోల్చుకోకుండా వాడు కీచుగా మాట్లాడతాడు. నడుముకి ఆవు గంటలు కట్టుకుని, వాకిళ్ళలోకి వచ్చి, ఆడవాళ్ళ చెయ్యి పట్టుకుని ఆడతాడు, ఆటపట్టిస్తాడు. ఎవరూ ఏమీ అనుకోరు. చలికాలాన్ని ఆ గంటలతో తరిమేస్తారని వాళ్ళ నమ్మకం. సంబరం ఆఖరి మంగళవారం సాయంత్రం అయ్యేసరికి మొహాలు మళ్ళీ పెట్టెల్లోకి పోవాలి.

క్రిన్నర్ గారు కిందటేడు చలికాలంలో కరోనాతో పోయారు. కిందటేడు ఈ సంబరమే లేదు. ఈ ఏడు కూడా పెద్ద ఊరేగింపు ఆపేశారు గాని, నలుగురైదుగురు కలిసి వాకిళ్ళ దాకా రావచ్చన్నారు. మంగళవారం నాడు మొదటిసారి వాళ్ళబ్బాయి తండ్రి మొహం పెట్టుకుని బయల్దేరతాడట. ఇదంతా ఫ్రావ్ క్రిన్నర్ చెబుతుంటే ప్రవీణ నాకు తెలుగులో చెప్పింది. చెబుతూ ఆవిడ ఆ మొహం వైపు చూడలేదు. నేను చూస్తూనే ఉన్నాను. నుదుటి మీద దుమ్ము, ముక్కు పక్కన పొగమసి.

మన శివరాత్రి కూడా ఆ మంగళవారమే పడింది. ఆదివారం మధ్యాహ్నం ప్రవీణ, అల్లుడుగారు మంచులో నడవడానికి వెళ్ళారు. ఫ్రావ్ క్రిన్నర్ చర్చికి సంబంధించిన పనేదో ఉందని వెళ్ళింది. తారకి కొంచెం జలుబుగా ఉందని నా దగ్గర వదిలారు. అది కాసేపు ముందుగదిలో కూర్చుని మీరు పంపిన రంగులతో ఆ మొహాన్నే బొమ్మ వేసింది. తరవాత మేడమీదికి పోయి టాబ్లెట్‌లో కార్టూన్లు పెట్టుకుంది. పండగ ముందు రోజుల్లో నా చేతులు ఊరుకోవని మీకు తెలుసు. మనింట్లో అయితే దేవుడి పటాలు దించి తుడిచేదాన్ని. ఇక్కడ తుడవడానికి ఏముంది?

ఏముందో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. అవునండీ. తార కాదు. నేనే.

నా బుద్ధికి ఏం తోచిందో అదే రాస్తాను. సిలువ కింద పెట్టారు కాబట్టి అది వాళ్ళ ఇంటి దేవుడితో సమానం అనుకున్నాను. పోయిన ఇంటాయన మొహం, పండగ పూట మసిపట్టి ఉండకూడదనుకున్నాను. దించి, గోరువెచ్చని నీళ్ళలో సబ్బు కలిపి తడిగుడ్డతో తుడిచాను. నుదుటి మీది మసి పోయింది, సంతోషించాను. తరవాత బుగ్గ తుడిచాను. గుడ్డ గులాబీ రంగు అయింది. నేను అప్పటికీ ఆగలేదు, అది మురికే అనుకుని ఇంకో రెండుసార్లు రుద్దాను. చెక్క కనపడింది. మీరు పిల్లలకి చెబుతుంటే ఎన్నిసార్లు విన్నాను, పాత రంగుకి నీళ్ళు తగలనివ్వకండిరా అని. ఎదురుగా వంటింట్లో కూర్చుని విన్నదాన్నే ఈ పని చేశాను.

అక్కడికైనా ఆగి ఉంటే బాగుండేది. కాళ్ళూ చేతులూ ఆడక, కుంకుమ భరిణె తీసి, నువ్వుల నూనెలో కుంకుమ కలిపి, బల్ల మీద ఉన్న తార కుంచెతో ఆ బుగ్గకి పూశాను. బుగ్గ ఎర్రగా, జిడ్డుగా, దెబ్బ తగిలినట్టు అయింది. అద్ది తీసేద్దామంటే కుంకుమలోని పసుపు చెక్కకి పట్టేసింది. ఉన్నది ఉన్నట్టు మళ్ళీ గోడకి తగిలించి, కుంచె నీళ్ళ గిన్నెలో పడేసి, మేడ ఎక్కి పడుకున్నాను. నిద్ర పట్టలేదు గాని కళ్ళు మూసుకున్నాను.

సాయంత్రం కిందనించి ఫ్రావ్ క్రిన్నర్ కేక వినపడింది. అందరం దిగాం. మొహం ఆవిడ చేతుల్లో ఉంది. బల్ల మీద తార వేసిన బొమ్మ, గిన్నెలో ఎర్రటి కుంచె. ఇంక ఎవరికైనా ఏమనిపిస్తుంది?

“తారా, నువ్వేనా?” అంది ప్రవీణ.

అది జర్మన్‌లో ఏదో అంది. తల అడ్డంగా ఊపింది కాబట్టి నాకూ అర్థమైంది.

“అబద్ధాలు కూడానా! కుంచె నీది కాదూ? అమ్మమ్మ పడుకుంటే నువ్వొక్కదానివే కదా కింద ఉన్నది?”

“పోనీ అత్తయ్యగారిని అడుగుదాం,” అన్నారు అల్లుడుగారు. “మీరేమైనా చూశారా అత్తయ్యగారూ?”

నేను పడుకున్నానన్నాను. అంతే అన్నాను. అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను.

తార నా వైపు చూసింది. తరవాత కుంచె వైపు చూసింది. ఆ తరవాత కాదని అనడం మానేసింది. ప్రవీణ దాని భుజం పట్టుకుని ముందుకి తోసి క్షమాపణ చెప్పించింది. “ఎంట్‌షుల్డిగుంగ్” అంది పిల్ల, వెక్కుతూ. ఫ్రావ్ క్రిన్నర్ దాన్ని తిట్టలేదు, దగ్గరికీ తీసుకోలేదు. మొహాన్ని ఏప్రన్‌లో చుట్టుకుని లోపలికి పోయింది. నేను దిగగానే పొయ్యి పక్కన నా కుర్చీలో కూర్చున్నదాన్ని కూర్చునే ఉన్నాను. మొదటి రోజు ఆవిడ కప్పిన దుప్పటినే మోకాళ్ళ మీదికి లాక్కున్నాను. లేచి ఒక్క మాట అంటే అయిపోయేది. అల్లుడి ముందు ఎలా అనుకున్నాను. ఈ వయసులో పరాయింటి దేవుణ్ణి కడిగి పాడుచేసిన మొద్దు మనిషినని ఆయన వాళ్ళ అమ్మగారికి చెబితే ఎలా అనుకున్నాను. ఏమండీ, నా మనవరాలు నా ముందు ఏడుస్తుంటే నేను వియ్యపురాలి గురించి ఆలోచించాను.

మర్నాడు క్రిన్నర్ గారబ్బాయి వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, వడ్రంగి. ఆ మొహాన్ని కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. ఇప్పుడు రంగు వేస్తే ఇంకా పాడవుతుందనీ, ఇంక వెళ్ళననీ అన్నాడట. తల్లీకొడుకులు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏమనుకున్నారో ప్రవీణకి కూడా తెలియలేదు. ఆ రోజంతా తారకి టాబ్లెట్ లేదు, మంచులో ఆట లేదు. ప్రవీణ వేసిన శిక్ష అది. నేను దానికి రహస్యంగా చక్కెర పొంగలి పెట్టాను. అది తినేసి, “థాంక్యూ అమ్మమ్మా,” అంది. నేను దానికి లంచం ఇచ్చినట్టే అనిపించింది, అయినా ఇచ్చాను.

మంగళవారం పొద్దున్నే ఆవు గంటలు వినపడ్డాయి. తెల్లటి మాస్కులు ముక్కుకి తగిలించుకుని మేమంతా వాకిట్లో నిలబడ్డాం. ఎదర అయిదుగురు మష్కెరాలు ఎగురుతూ వచ్చారు. ఆ చలిలో గంటల మోతకి నా గుండె అదిరింది. అందరికంటే వెనక ఆ మొహం వచ్చింది. ఒక బుగ్గ గులాబీ, ఒక బుగ్గ మరక. వెళ్ళనన్నవాడే వచ్చాడో, తండ్రి మొహాన్ని ఇంకెవరైనా పెట్టుకున్నారో, అడగకూడదు కదా. తిన్నగా నా దగ్గరికే వచ్చి చెయ్యి చాపాడు.

ఉపవాసం మీద ఉన్నాను. ఆ మొహం అంత దగ్గరగా చూసేసరికి ఆగలేకపోయాను. “నాయనా, నేనే చేశాను. పసిదానికేం తెలీదు. నన్ను క్షమించు నాయనా,” అన్నాను. తెలుగులో అన్నాను. ప్రవీణా అల్లుడుగారూ గేటు దగ్గర వీడియో తీస్తున్నారు, గంటల మోతలో వాళ్ళకి వినపడలేదు. ఎవరికీ అర్థం కాదని తెలిసే అన్నానండీ. పైగా అనేశాక నాకు హాయిగా అనిపించింది. చెప్పేశాను కదా, ఇంక శివుడు చూసుకుంటాడు అనుకున్నాను. నాకు అన్నిటికంటే సిగ్గుగా ఉన్నది ఆ హాయి గురించే.

మష్కెరా తల పక్కకి వంచి, నా పక్కనున్న తారని కీచు గొంతుతో ఏదో అడిగాడు. తార గబుక్కున ఏదో చెప్పింది. అతను నవ్వి, నా చెయ్యి పట్టుకుని రెండు చుట్లు తిప్పి వెళ్ళిపోయాడు.

ఇక్కడికి తిరిగొచ్చాక కూడా నేను నోరు విప్పలేదు. మీ ఉత్తరం వచ్చాక, అందులో రంగుల సంగతి చదివాక, తార రంగుల పెట్టె ఏదని వెతికాను. కనపడలేదు. అడిగితే, చలికోట్లు పెట్టే బీరువాలో అట్టడుగున చూపించింది. తనే పెట్టిందట. అప్పుడు దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగాను, ఆ రోజు ఆ మనిషికి ఏం చెప్పావమ్మా అని.

“మీ డాన్స్ షోన్‌గా ఉంది అంటోంది అమ్మమ్మ, అని చెప్పా.” షోన్ అంటే బాగుందని.

“నేను అన్నది అది కాదు కదా.”

“తెలుసు. ఐ నో. కుంచె నీ కుంకుమ వాసన వచ్చింది, అప్పుడే తెలుసు.”

“మరి మీ అమ్మకి ఎందుకు చెప్పలేదే తల్లీ?”

అది కాసేపు నా గాజులు తిప్పింది. “నన్ను అరిస్తే కాసేపు ఏడ్చి ఆడుకుంటా. నిన్ను అరిస్తే నువ్వు ఇండియా వెళ్ళిపోతావు కదా. ఇంకా, నేను సారీ చెప్పేశా. పెద్దవాళ్ళు సారీ చెప్పరు కదా అమ్మమ్మా.”

ఈ మాట దానికి ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకుంది. ఆ రోజు పొయ్యి పక్కన కూర్చున్న నన్ను చూసి నేర్చుకుంది.

నిన్న పొద్దున టిఫిన్ల దగ్గర అందరి ముందూ చెప్పాను. అల్లుడుగారు చెంచా కింద పెట్టేశారు. ప్రవీణ మొహం చూడలేకపోయాను. “అమ్మా, నేను దాన్ని భుజం పట్టుకుని తోశానమ్మా,” అంది. “నువ్వు చూస్తూ ఉన్నావు.” నన్ను అరిచి ఉంటే బాగుండేది, అరవలేదు. ఫ్రావ్ క్రిన్నర్‌కి ఫోను కలపమన్నాను. నేను చెబుతానులే అమ్మా అంది. వద్దన్నాను. మళ్ళీ ఇంకొకళ్ళ నోటితో చెప్పించే ధైర్యం నాకు లేదు. తారనే అడిగి ఆ నాలుగు ముక్కలూ నేర్చుకున్నాను. నా నోరు తిరక్కపోతే అది పళ్ళు చూపించి మరీ దిద్దింది.

“ఇష్ వార్ దాస్. నిష్ట్ తారా,” అన్నాను ఫోనులో. అది నేను, తార కాదు అని.

ఆవిడ మెల్లిగా ఏదో అడిగింది. ప్రవీణ చెప్పడానికి తటపటాయించింది, చెప్పమన్నాను. “ఆ రోజు పిల్ల క్షమాపణ చెబుతుంటే మీరు అక్కడే కూర్చుని ఉన్నారు కదా, అంటోందమ్మా.”

“యా” అన్నాను. అవును అని.

ఆవిడ నన్ను తిట్టలేదు, పరవాలేదనీ అనలేదు. తారకి ఫోనిమ్మంది. దానితోనే మాట్లాడింది. పిల్ల ఊఁ కొడుతూ విని, ఫోను పెట్టేశాక నా వైపు తిరిగి ఆశ్చర్యంగా అంది, “అమ్మమ్మా, ఫ్రావ్ క్రిన్నర్ నాకు సారీ చెప్పింది. నేను కాదంటే నమ్మలేదని.” అప్పుడు ప్రవీణ దాన్ని పట్టుకుని ఏడ్చింది. అల్లుడుగారూ దానికి సారీ చెప్పారు. నేనూ చెప్పాను, అందరిలోకీ ఆఖరున. ముందు చెప్పవలసినదాన్ని.

మీకు నావి రెండు మనవులు. తారకి వేరే ఉత్తరం రాయండి, మీ రంగుల తప్పేం లేదని, దాని తప్పు అసలే లేదని. కొత్త కుంచె కూడా ఒకటి పంపండి, ఆ పాతదాన్ని అది ముట్టుకోవడం లేదు.

రెండోది నా గురించి. మీది మెత్తటి మనసు. ఇదంతా చదివి, “పోనీలే బాలా, మంచికే చేశావు” అని రాస్తారు. దయచేసి రాయకండి. మీ నోటి నుంచి ఆ మాట వస్తే నేను ఇట్టే మామూలు మనిషిని అయిపోతాను. మష్కెరా ముందు ఒకసారి అలాగే అయ్యాను కదా. కొన్నాళ్ళు నన్ను ఇలాగే ఉండనివ్వండి.

ఇట్లు,
తల ఎత్తుకోలేని
మీ ఇల్లాలు
బాలామణి